సముద్ర వర్తకునికి అభయం: మోటుపల్లి శాసనం, షరీఅత్‌లో ‘అమాన్’

నమాజు నేర్చుకునే పిల్లలకు మన ఇళ్ళల్లో మొట్టమొదట నేర్పే చిన్న సూరాల్లో ‘ఖురైష్’ ఒకటి. పెద్దలు కూడా నమాజులో దాన్ని తరచూ చదువుతూనే ఉంటారు. కాని అది వర్తకుల గురించి అవతరించిన సూరా అన్న సంగతి చాలామంది గమనించరు. చలికాలంలో యమన్‌కు, ఎండాకాలంలో షామ్‌కు ఖురైషీల బిడారులు నిర్భయంగా వెళ్ళి వస్తున్నాయంటే అది తన అనుగ్రహమేనని, ఆకలిలో అన్నం పెట్టి, భయంలో రక్షణ కల్పించిన ఆ కాబా గృహ ప్రభువునే ఆరాధించాలని అల్లాహ్ అందులో వారికి గుర్తు చేశాడు. సూరా మొదట్లోనే వచ్చే ‘ఈలాఫ్’ అనే పదానికి ముఫస్సిర్లు చెప్పిన అర్థాల్లో ఒకటి ఒప్పందం, హామీ. మహాప్రవక్త (స) ముత్తాత హాషిమ్ షామ్ పాలకుల నుండి, ఆయన సోదరులు హబషా, యమన్, ఇరాక్ పాలకుల నుండి తమ బిడారులకు ఇలాంటి హామీలు సంపాదించారని చరిత్రకారులు రాశారు.

దూరదేశం వెళ్ళే వర్తకుడు రెండే రెండు విషయాలు కోరతాడు. ఒకటి, నా ప్రాణానికి, సొమ్ముకు రక్షణ ఉండాలి. రెండు, నా దగ్గర ఎంత తీసుకుంటారో ముందే చెప్పాలి. ఈ రెండూ దొరికితే అతడు ఏ సముద్రమైనా దాటతాడు.

ఈ విషయం ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఉంది. ఓడరేవు పనుల్లో, ఎగుమతి దిగుమతి వ్యాపారాల్లో ఉన్న మన యువకులు కొందరు ఒక ప్రశ్న అడుగుతుంటారు. ముస్లిమేతరునితో చేసుకున్న ఒప్పందాన్ని అంతగా పట్టించుకోనవసరం లేదని, సర్కారు సుంకం ఎగ్గొట్టినా పాపం కాదని, ‘ఇది దారుల్ ఇస్లాం కాదు కదా’ అని తమకు ఎవరో చెప్పారట. చెప్పినవారు ఎవరో గాని, ఫిఖహ్ గ్రంథం తెరిచి చెప్పలేదన్నది మాత్రం ఖాయం. దీనికి జవాబు మన తీరం చరిత్రలోనే చాలావరకు ఉంది. అందుకే మస్‌అలా కంటే ముందు చరిత్ర చూద్దాం.

మోటుపల్లి రాతి స్తంభం

నెల్లూరు నుండి తీరం వెంబడి ఉత్తరంగా వెళ్తే ఒంగోలు దాటాక చినగంజాం మండలంలో మోటుపల్లి అనే గ్రామం వస్తుంది. మొన్నటి దాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉంది. ఇప్పుడు చూస్తే చిన్న పల్లెటూరు. 13వ శతాబ్దంలో కాకతీయ రాజ్యపు ముఖ్యమైన రేవు. శాసనాల్లో దీనికి దేశ్యుయ్యకొండపట్టణం అనే పేరు కూడా ఉంది. 1290 ప్రాంతంలో ఈ తీరం గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యాన్ని రేవు పేరుతోనే ‘ముత్ఫిలి’ అని పిలిచాడు. ఇక్కడి వజ్రాలను, సాలెగూడులా పలుచగా ఉండే వస్త్రాలను మెచ్చుకున్నాడు.

అక్కడి వీరభద్ర ఆలయంలోని ఒక స్తంభంపై కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244-45లో వేయించిన శాసనం ఉంది. దీన్ని ‘అభయ శాసనం’ అంటారు. ఆ పేరులోనే అంతా ఉంది. అరబ్బీలో ‘అమాన్’ అన్నా అదే అర్థం.

అందులోని సారాంశం ఇది. ద్వీపాల నుండి, ఖండాంతరాల నుండి, పరదేశాల నుండి, ఇతర నగరాల నుండి సముద్రంపై వచ్చే వర్తకులందరికీ రాజు అభయం ఇస్తున్నాడు. పూర్వపు రాజులు, తుఫానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారట. ధనం ప్రాణం కంటే విలువైనదన్న తలంపుతో సముద్రం మీద అంత ప్రమాదానికి తెగించి వచ్చిన వారిపై జాలితో, కీర్తి కోసం, పుణ్యం కోసం తాను ఆ అలవాటును మానుకున్నానని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని రాజు ప్రకటించాడు. సుంకం ఎంతో కూడా రాతి మీదే చెక్కించాడు. ఎగుమతి, దిగుమతులపై ముప్పయ్యో వంతు. ఆ తర్వాత ఏ సరకు మీద ఎన్ని గద్యాణాలు, ఎన్ని రూకలు అన్న పట్టిక ఉంది. చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, చివరికి వక్కలు కూడా వదల్లేదు. వక్కలు లక్ష చొప్పున లెక్క!

పట్టిక రాతి మీద ఎందుకు? కాగితమో, తాటాకో అయితే సుంకరి మార్చగలడు. రేవులో దిగిన వర్తకుడు స్తంభం దగ్గరికి పోయి చదివించుకోగలడు. సుంకరి నోటిమాటకు విలువ లేకుండా పోయింది. నా దృష్టిలో ఈ శాసనంలోని అసలు గొప్పతనం ఇదే.

సుమారు 114 సంవత్సరాల తర్వాత, 1358లో, కాకతీయులు పోయి కొండవీటి రెడ్డి రాజులు వచ్చాక అనవోతారెడ్డి కాలంలో అదే మోటుపల్లిలో మరో శాసనం వేయించారు. దాన్ని సంస్కృతంలోనూ, తెలుగులోనూ, తమిళంలోనూ చెక్కించారంటే వర్తకులు చదవాలన్న ఉద్దేశం స్పష్టం. వచ్చి స్థిరపడే వర్తకులకు గౌరవం, నివేశన స్థలం ఇస్తామని, వెళ్ళదలచుకుంటే ఆపబోమని, తెచ్చిన సరకును ఇష్టమొచ్చిన వారికి అమ్ముకోవచ్చని చెప్పారు. ‘అపుత్రిక’ను రద్దు చేశారు. అపుత్రిక అంటే కొడుకులు లేకుండా చనిపోయినవాని ఆస్తిని రాజు తీసుకోవడం. పరాయి దేశంలో చనిపోయే వర్తకునికి ఇది ఎంత పెద్ద భయమో ఆలోచించండి. భార్యాబిడ్డలు హుర్ముజ్‌లోనో, ఏడెన్‌లోనో ఉంటారు. ఇక్కడ కన్నుమూస్తే మూటాముల్లె రాజుగారిది!

నెల్లూరును పాలించిన తెలుగు చోడుల రేవు కృష్ణపట్నం. 13వ శతాబ్దపు తమిళ శాసనాల్లో దాని పేరు కొల్లిత్తురై, గండగోపాలపట్టణం. మన ఊరి పేరు అప్పటి ముస్లిం చరిత్రకారులకు కూడా తెలుసు. పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ ‘మాబర్’ దేశం కొల్లం నుండి ‘నీలావర్’ వరకు ఉందని రాశాడు. నీలావర్ అంటే నెల్లూరే. అదే వస్సాఫ్ పారశీక సింధుశాఖలోని కీష్ ద్వీపం నుండి జమాలుద్దీన్ అనే పెద్ద వర్తకుడు మాబర్‌కు గుర్రాలు పంపిన వైనం వివరించాడు. ఒక్కో గుర్రం వెల 220 ఎర్ర బంగారు దీనార్లు. దారిలో గుర్రం చచ్చిపోయినా దాని వెలను ఇక్కడి రాజు ఖజానా నుండి చెల్లించాలన్నది ఒప్పందం. ఫిఖహ్ చదివినవారు ఈ షరతు దగ్గర ఆగుతారు. అమ్మిన వస్తువు కొన్నవాని చేతికి అందకముందే నశిస్తే నష్టం అమ్మినవానిదే అన్నది మన నియమం. ఇక్కడ నష్టాన్ని కొనేవాడు తనంతట తాను నెత్తిన వేసుకున్నాడు. గుర్రాల అవసరం రాజులచేత ఎంత పని చేయించిందో!

సూర్ పట్టణంలో మూడో వంతు

వర్తకులకు హక్కులు ఇవ్వడం ఆ కాలంలో లోకమంతటా ఉంది. అయితే ఇచ్చే హక్కు ఎలాంటిదన్నది ముఖ్యం. మధ్యధరా సముద్ర తీరానికి వెళ్దాం.

1099లో క్రూసేడు సైన్యాలు బైతుల్ మఖ్దిస్‌ను ఆక్రమించాయి. కాని తీరంలోని పట్టణాలు ఇంకా ముస్లింల చేతుల్లోనే ఉన్నాయి. వాటిని పట్టుకోవాలంటే ఓడలు కావాలి, ఓడలు ఇటలీ వర్తక నగరాల దగ్గర ఉన్నాయి. జెనోవా, పీసా, వెనిస్ మతం పేరు చెప్పుకొని వచ్చాయి, లెక్క మాత్రం మరువలేదు. 1098లోనే అంతాకియాలో జెనోవా వారికి ఒక చర్చి, ఒక బావి, ముప్పై ఇళ్ళు ఇచ్చారు. 1101లో ఖైసారియా పట్టణాన్ని దోచినప్పుడు జెనోవా వారి వాటా సొమ్ములో ప్రతి మనిషికి నగదుతోపాటు రెండు పౌన్ల మిరియాలు వచ్చాయని వారి చరిత్రకారుడే రాసుకున్నాడు. ఆ మిరియాలు పండింది మన దక్షిణ హిందూ దేశంలో. మోసుకెళ్ళింది ముస్లిం వర్తకులు. దోచుకున్నది జెనోవా వారు.

అన్నిటికంటే పెద్ద ఒప్పందం 1123లో జరిగింది. అప్పుడు బైతుల్ మఖ్దిస్‌ను ఏలుతున్న రాజు రెండో బాల్డ్విన్ ముస్లింల చేతిలో బందీగా ఉన్నాడు. అతని బదులు అక్కడి ప్రధాన మతాధికారి వార్మండ్ వెనిస్ వారితో ఒప్పందం రాసుకున్నాడు. రాజ్యంలోని ప్రతి పట్టణంలో వెనిస్ వారికి ఒక వీధి, ఒక చర్చి, ఒక స్నానశాల, ఒక రొట్టెల పొయ్యి. సరకుపై సుంకం లేదు. తమ తూనికలు, కొలతలు తమవే. వారి మధ్య తగాదా వచ్చినా, బయటివాడు వారిపై ఫిర్యాదు చేసినా తీర్పు వారి న్యాయస్థానంలోనే. సూర్, అస్ఖలాన్ పట్టణాలను జయిస్తే వాటిలో మూడో వంతు వారిదే. మరుసటి సంవత్సరం 1124 జులైలో వెనిస్ ఓడల సాయంతో సూర్ పడిపోయింది. మూడో వంతు వారికి దక్కింది.

ఇప్పుడు మోటుపల్లి స్తంభాన్ని పక్కన పెట్టి చూడండి. గణపతిదేవుడు వర్తకునికి భద్రత ఇచ్చాడు, సుంకం ఎంతో చెప్పాడు. వచ్చినవాడు ఎవడన్నది అడగలేదు. వెనిస్‌కు ఇచ్చింది భద్రత కాదు, రాజ్యంలో ముక్క. అదీ ఒక్క జాతికే. దాని ఫలితం వారే అనుభవించారు. అక్కా పట్టణంలో వెనిస్ వీధి, జెనోవా వీధి పక్కపక్కనే ఉండేవి. ఒక మఠం ఆస్తి విషయంలో 1256లో మొదలైన తగాదా ఏళ్ళ తరబడి యుద్ధంగా మారింది. ఒకే మతం వారు, ఒకే పట్టణంలో, వీధికి వీధి గోడలు కట్టుకొని రాళ్ళు విసిరే యంత్రాలతో కొట్టుకున్నారు. మధ్యలో రాజు ఏమీ చేయలేకపోయాడు. చేయడానికి అతని చేతిలో అధికారం మిగల్లేదు కదా! 1291లో సుల్తాన్ అష్రఫ్ ఖలీల్ అక్కాను తిరిగి స్వాధీనం చేసుకున్నాడు.

ఈ ఇటలీ నగరాలు ఒకవైపు క్రూసేడర్లకు ఓడలు ఇస్తూనే మరోవైపు ముస్లింల ఈజిప్టుతో వర్తకం చేశాయి. ఇనుము, ఓడల కలప ముస్లింలకు అమ్మరాదని 1179లో వారి మతసభ నిషేధం విధించినా అమ్మకం ఆగలేదు. అదే సభ పగిలిన ఓడల సొమ్ము దోచుకోవడాన్ని కూడా ఖండించింది. కాని ఆ రక్షణ క్రైస్తవుల సొమ్ముకే. ఈజిప్టు సుల్తాన్లు ఇటలీ వర్తకులకు ఇస్కందరియాలో ‘ఫందుఖ్’లు ఇచ్చారు. వర్తకులు బస చేయడానికి, సరకు దాచడానికి కట్టిన భవనాలు. ఇటలీ భాషలోని ‘ఫోండాకో’ మన అరబ్బీ ఫందుఖే. అయితే భవనం సుల్తాన్‌ది. రాత్రి వేళ, జుమా నమాజు వేళ తలుపులకు బయటి నుండి తాళం పడేది. బస ఉంది, రాజ్యం లేదు.

ఇబ్నె జుబైర్ చూసింది

మన ఉలమాలు పెద్దగా ప్రస్తావించని ఒక విషయం చెప్పక తప్పదు. ఉందులుసు (స్పెయిన్) నుండి హజ్ యాత్రకు బయల్దేరిన ఇబ్నె జుబైర్ (రహ్మ) 1183లో ఇస్కందరియా రేవులో దిగారు. సుంకం అధికారులు ఓడ ఎక్కి ప్రతి యాత్రికుని సొమ్ము రాసుకున్నారు. సంవత్సరం నిండిందో లేదో అడగకుండానే జకాత్ పేరుతో వసూలు చేశారు. మూటలు విప్పారు, ఒళ్ళు తడిమారు, ఖుర్ఆన్ మీద ప్రమాణాలు చేయించారు. ఇది సుల్తాన్ సలాహుద్దీన్‌కు తెలియక జరుగుతోందని, తెలిస్తే ఆపేవారని ఆయన బాధతో రాసుకున్నారు. మరుసటి సంవత్సరం, 1184లో, తిరుగు ప్రయాణంలో శత్రువు చేతిలో ఉన్న అక్కాకు వచ్చారు. అక్కడి సుంకం కచేరీలో క్రైస్తవ గుమాస్తాలు అరబ్బీలోనే మాట్లాడారు, అరబ్బీలోనే రాశారు. దురుసుతనం లేకుండా మర్యాదగా సోదా చేసి పంపారు. ఆ ప్రాంతపు ముస్లిం రైతులు తమ ముస్లిం జమీందార్ల అన్యాయం కంటే ఫ్రాంకుల పద్ధతే నయమంటున్నారని, ఇది ముస్లింలకు పెద్ద పరీక్ష అని కూడా రాశారు.

ఆయన ఫ్రాంకులను ప్రేమించి ఈ మాట రాయలేదు. వారి పట్టణాన్ని ఎంత అసహ్యించుకున్నారో అదే పుస్తకంలో ఉంది. అయినా కళ్ళారా చూసిన న్యాయాన్ని దాచలేదు. శత్రువు పట్ల ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పించకూడదన్న సూరె మాయిద (5 : 8) ఆజ్ఞను పాటించడమంటే ఇదే. పైగా సంవత్సరం నిండని సొమ్ముపై జకాత్ తీయడం షరీఅత్ పేరుతో షరీఅత్‌ను మీరడం. అన్యాయంగా సుంకం పిండేవాని (సాహిబె మక్స్) విషయంలో స్వర్గప్రవేశం లేదన్న హెచ్చరిక అబూదావూద్ హదీసులో ఉంది. ఆ హెచ్చరిక ముస్లిం సుంకరికీ వర్తిస్తుంది. నిజానికి ముందు అతనికే వర్తిస్తుంది.

హజ్రత్ ఉమర్ (రజి) నిర్ణయం

వర్తక సుంకానికి ఇస్లాంలో పునాది వేసింది హజ్రత్ ఉమర్ (రజి). ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) ‘కితాబుల్ ఖరాజ్’లో ఈ వివరాలున్నాయి. మన వర్తకులు ఇతర రాజ్యాలకు వెళ్తే అక్కడ పదో వంతు తీసుకుంటున్నారని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) లేఖ రాశారు. వారు మనవారి దగ్గర ఎంత తీసుకుంటే మీరూ వారి దగ్గర అంతే తీసుకోండి, జిమ్మీల నుండి ఇరవయ్యో వంతు, ముస్లింల నుండి నలభయ్యో వంతు, రెండు వందల దిర్హమ్‌ల లోపు సరకైతే ఏమీ వద్దు అని ఉమర్ (రజి) జవాబిచ్చారు.

దీని నుండి హనఫీ ఫుఖహా తీసిన నియమం చూడండి. బయటి రాజ్యపు వర్తకుని నుండి, ఆ రాజ్యం మన వర్తకుని నుండి తీసుకున్నంతే తీసుకోవాలి. ఎంత తీసుకుంటున్నదో తెలియకపోతే పదో వంతు. వారు ఏమీ తీసుకోకపోతే మనమూ ఏమీ తీసుకోకూడదు. మంచితనంలో వారి కంటే వెనుకబడకూడదన్నదే దీనికి కారణంగా చెప్పారు. మన మోటుపల్లికి అన్వయిస్తే లెక్క ఇలా వస్తుంది. అరబ్బు వర్తకుడు 3,000 దీనార్ల సరకు దించితే ముప్పయ్యో వంతు ప్రకారం 100 దీనార్లు కట్టాడు. అదే విలువ సరకుతో తెలుగు వర్తకుడు హనఫీ నియమం నడిచే రేవులో దిగితే అతని దగ్గర తీసుకోవాల్సింది 300 కాదు, 100 మాత్రమే. గణపతిదేవుని ఉదారత ఆయనకు తెలియకుండానే అవతలి ఒడ్డున తెలుగువారి హక్కు అయింది! (షాఫియీ మస్లక్‌లో సుంకం ముందుగా విధించిన షరతును బట్టి ఉంటుంది. తీరంలోని మన సోదరుల్లో షాఫియీలు ఉన్నారు గనుక చెబుతున్నాను.)

అదే గ్రంథంలో ఒక సంఘటన ఉంది. తగ్లిబ్ తెగకు చెందిన క్రైస్తవుడొకడు ఒక గుర్రం తీసుకొని వచ్చాడు. దానికి 20,000 దిర్హమ్‌లు వెల కట్టారు. హజ్రత్ ఉమర్ (రజి) నియమించిన అధికారి జియాద్ బిన్ హుదైర్, వెయ్యి దిర్హమ్‌లు సుంకం కట్టు, లేదా గుర్రం నాకిచ్చి 19,000 తీసుకో అన్నారు. అతడు వెయ్యి కట్టాడు. అదే సంవత్సరం తిరిగి అదే దారిన వస్తే జియాద్ మరో వెయ్యి అడిగారు. వచ్చినప్పుడల్లా కట్టాలా అంటే, అవునన్నారు. అతడు మక్కాకు వెళ్ళి హజ్రత్ ఉమర్ (రజి)ని కలిశాడు. తాను అరబ్బు క్రైస్తవుడినని చెప్పి జరిగింది విన్నవించాడు. ఉమర్ (రజి) నీ పని అయిపోయినట్టే అన్న అర్థం వచ్చే ఒక్క మాట అని ఊరుకున్నారు. అతనికి నమ్మకం కుదరలేదు. ఇక రెండో వెయ్యి కూడా కట్టక తప్పదనుకుంటూ తిరిగొచ్చాడు. చూస్తే అతని కంటే ముందే ఖలీఫా లేఖ చేరి ఉంది. ఒకసారి కట్టినవాని దగ్గర మరుసటి సంవత్సరం అదే రోజు వచ్చే వరకు ఇంకేమీ తీసుకోవద్దని అందులో ఉంది, కొత్తగా సొమ్ము పెరిగితే తప్ప. వెయ్యి కట్టడానికి సిద్ధపడి వచ్చిన ఆ మనిషి, ఈ లేఖ రాసినవాని ధర్మమే నా ధర్మం అని అక్కడికక్కడే ఇస్లాం స్వీకరించాడు.

ఆ రోజు సుంకం గట్టు దగ్గర ఎవరూ అతనికి ప్రసంగం చేయలేదు.

అమాన్ ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు

షరీఅత్‌లో అమాన్ రెండు వైపులా బంధిస్తుంది. బహుదైవారాధకుడు శరణు కోరితే శరణిచ్చి, అల్లాహ్ వాక్కు వినిపించి, అతని సురక్షిత స్థలానికి చేర్చమని సూరె తౌబ (9 : 6) ఆదేశిస్తోంది. ముస్లింలలో అతి సామాన్యుడు ఇచ్చిన అభయానికి కూడా అందరూ కట్టుబడాలని మహాప్రవక్త (స) బోధించారు. మక్కా జయించిన రోజు హజ్రత్ ఉమ్మె హానీ (రజి) తన ఇంట్లో ఆశ్రయం ఇచ్చినవారికి ఆయన (స) కూడా ఆశ్రయం ఖాయం చేశారు. ఒక స్త్రీ మాటకు ఉన్న విలువ అది. అభయం పొంది వచ్చిన వర్తకుడు (ముస్తామిన్) ఇస్లామీయ రాజ్యంలో చనిపోతే అతని సొమ్మును వారసులు వచ్చే వరకు భద్రపరచాలని ఫుఖహా రాశారు. 1358లో మోటుపల్లిలో రద్దయిన అపుత్రికకు షరీఅత్‌లో మొదటి నుండీ చోటు లేదు. 1283లో ఈజిప్టు సుల్తాన్ ఖలావూన్ అక్కా వారితో చేసుకున్న సంధిలో పగిలిన ఓడల సొమ్మును కాపాడి యజమానులకు అప్పగించాలన్న షరతు ఉంది. అదే సుల్తాన్ 1288లో యమన్, హింద్, చీనా దేశాల వర్తకులను పిలుస్తూ అమాన్ పత్రం జారీ చేశాడు. మోటుపల్లి స్తంభానికి దానికి మధ్య 44 ఏళ్ళ తేడా. ఒకే సముద్రపు రెండు ఒడ్డుల నుండి ఒకే పిలుపు.

ఇక అభయం పుచ్చుకున్న ముస్లిం సంగతి. ‘హిదాయా’లో మస్‌అలా సూటిగా ఉంది. ముస్లిం వర్తకుడు దారుల్ హర్బ్‌లోకి అమాన్ తీసుకొని ప్రవేశిస్తే అక్కడివారి ప్రాణాల జోలికి గాని, సొమ్ము జోలికి గాని పోవడం అతనికి హలాల్ కాదు. ఎందుకంటే అమాన్ అడగడంతోనే అతడు ఆ మాట ఇచ్చినట్టు. పోతే అది గద్ర్, ద్రోహం. యుద్ధం చేస్తున్న రాజ్యం విషయంలోనే హుకుం ఇలా ఉంటే, తరతరాలుగా పుట్టి పెరిగి, రాజ్యాంగ రక్షణలో మస్జిదులు కట్టుకొని నమాజు చేసుకుంటున్న దేశం విషయంలో ‘దారుల్ ఇస్లాం కాదు కదా’ అన్న సాకుకు చోటెక్కడ? ఆ సాకు చెప్పినవారు ఎంచుకున్న అధ్యాయమే వారికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతోంది.

అభయం కోటగా మారినప్పుడు

మోటుపల్లి పద్ధతి మన తీరంలో ఎల్లకాలం నిలవలేదు. పోర్చుగీసు వారు వచ్చాక, తరతరాలుగా అందరిదైన సముద్రంలో తిరగడానికి వారి చీటీ కొనుక్కోవాల్సి వచ్చింది. చీటీ లేని ముస్లిం ఓడను పట్టుకునేవారు. 1610లో విజయనగర రాజు వెంకటపతిరాయలు డచ్చి వారికి ప్రళయకావేరి (పులికాట్)లో వర్తకానికి కౌలు ఇచ్చాడు. 1613 నాటికి అక్కడ కోట లేచింది. ఇంగ్లీషు వారు 1626లో దుగరాజపట్నంలో దిగారు. అప్పటికి అది నెల్లూరు సీమ, 2022 నుండి తిరుపతి జిల్లా. వారు ఆర్మగాన్ అని పిలిచిన ఆ చోటున ఉన్న అధికారి ఫ్రాన్సిస్ డేయే 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుని దగ్గర మద్రాసు స్థలానికి పట్టా తీసుకున్నాడు. కోట కట్టుకునే హక్కు, తమ సరకుకు సుంకం మాఫీ, నాణేల ముద్రణ, రేవు ఆదాయంలో వాటా. సూర్ పట్టణపు ఒప్పందం ఐదు వందల ఏళ్ళ తర్వాత తమిళ తెలుగు సరిహద్దులో మళ్ళీ రాసినట్టే ఉంది.

నాయకులను మాత్రమే అనడం న్యాయం కాదు. గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా 1632లో ఇంగ్లీషు వారికి ఇచ్చిన ‘బంగారు ఫర్మానా’తో సంవత్సరానికి 500 హొన్నులకు మచిలీపట్నం మొదలైన రేవుల్లో సుంకం లేకుండా వర్తకం చేసుకున్నారు. 1717లో మొగలు చక్రవర్తి ఫర్రుఖ్‌సియర్ సంవత్సరానికి 3,000 రూపాయలకే బెంగాల్‌లో అదే హక్కు ఇచ్చాడు. కంపెనీ నౌకర్లు ఆ చీటీలు చూపి సొంత వ్యాపారం కూడా సుంకం లేకుండా చేసుకున్నారు. స్వదేశీ వర్తకుడు సుంకం కట్టి వారితో పోటీ పడలేకపోయాడు. బెంగాల్ నవాబు మీర్ ఖాసిం చివరికి అందరికీ సుంకం తీసేస్తే కంపెనీ యుద్ధానికి దిగింది, 1764లో బక్సర్‌లో గెలిచింది. అందరికీ సమానంగా ఇచ్చేది అభయం. ఒక్కరికే ఇచ్చి మిగతావారిని పణంగా పెట్టేది పక్షపాతం. ముస్లిం పాలకులు ఈ తేడా తెలియక చేసిన తప్పుకు ఈ దేశ ప్రజలంతా మూల్యం చెల్లించారు.

నేటి మస్‌అలాలు కొన్ని

సరకు విలువ తక్కువగా చూపి సుంకం తగ్గించుకోవడం: ఇందులో ఒక తప్పు కాదు, మూడు ఉన్నాయి. పత్రంలో అబద్ధం, సంతకంతో అబద్ధపు సాక్ష్యం, సాధారణంగా దాని వెంబడే లంచం. సుంకం ఎక్కువగా ఉందనిపిస్తే చట్టం ఒప్పుకొనే దారిలో అభ్యంతరం చెప్పుకోవచ్చు. తగ్లిబీ వర్తకుడు మక్కాకు వెళ్ళి చేసింది అదే.

వీసా: ఇప్పటి ఉలమాలు వీసాను అమాన్ కిందే లెక్కించారు. గల్ఫ్ వెళ్ళే నెల్లూరు, కడప సోదరుడు వీసా షరతులకు మాట ఇచ్చి వెళ్తున్నాడు. అలాగే అతన్ని పిలిపించుకున్న యజమాని కూడా మాట ఇచ్చి పిలిపించుకున్నాడు. పాస్‌పోర్టు లాక్కొని, జీతం ఆపి, చెప్పిన పని కాక వేరే పని చేయించే యజమాని పేరు అబ్దుల్లా అయినా అతడు అమాన్‌ను భంగం చేసినవాడే. అల్లాహ్ తానే ప్రతివాదిగా నిలబడతానని చెప్పిన ముగ్గురిలో, తన పేరుతో మాట ఇచ్చి తప్పినవాడు, కూలివానితో పూర్తి పని చేయించుకొని కూలి ఇవ్వనివాడు ఉన్నారు (బుఖారీ). పనివాడు ముస్లిం అయి ఉండాలన్న షరతు ఆ హదీసులో లేదు.

ముస్లిమేతర భాగస్వామితో లెక్కలు: ఒప్పందాలు నెరవేర్చమన్న ఆజ్ఞ (5 : 1) ఎదుటివాని మతాన్ని బట్టి మారదు. హిజ్రత్ రాత్రి తనను చంపడానికి కాచుకున్న మక్కావారి అమానత్‌లు తిరిగి ఇవ్వడానికి మహాప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్ళారన్నది మన పిల్లలకు కూడా తెలిసిన విషయమే.

తీరానికి కొట్టుకొచ్చిన సరకు: తుఫాను తర్వాత మన ఒడ్డున దుంగలు, పీపాలు, పెట్టెలు దొరుకుతుంటాయి. సముద్రం ఇచ్చింది గనుక మాదే అనుకోవడం సరికాదు. ఓడ పగిలినంత మాత్రాన యజమాని హక్కు పోదు. అది ‘లుఖతా’, అంటే దొరికిన సొమ్ము. గుర్తులు రాసిపెట్టుకొని ప్రకటించాలి. దేశ చట్టం ప్రకారం ఓడ సరకును అధికారులకు తెలియజేయాల్సి ఉంటుంది, ప్రకటన బాధ్యత దానితో తీరుతుంది. నీటిలో కొట్టుకొచ్చిన వంటచెరకు గురించి కూడా హనఫీ గ్రంథాల్లో ప్రత్యేకంగా ఉంది: వెల లేని పుల్లలైతే తీసుకున్నవానికి హలాల్, వెల చేసే కలప అయితే అది లుఖతా.